విమానం ఆగాక తోసుకోకుండా దిగడం ఎలా?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్లు విమానం ఎక్కాలంటే మామూలుగా భువనేశ్వర్ పోవాలి, లేదా విశాఖ పోవాలి. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే పిల్లల దగ్గరికి వెళ్లొచ్చే అమ్మానాన్నలు, సెలవు మీద ఇంటికొచ్చే గల్ఫ్ కార్మికులు, బెంగళూరు ఆసుపత్రులకు తిరిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. ఎక్కడం ఎలాగో చెప్పేవాళ్లు బోలెడుమంది. చెక్-ఇన్ దగ్గర ఏం చూపించాలి, సెక్యూరిటీ దగ్గర ఏం తీయాలి అని ఇంట్లో పిల్లలు వంద జాగ్రత్తలు చెప్పి పంపుతారు. దిగడం గురించి ఒక్క మాట చెప్పరు. చిరాకులూ మాటామాటా అనుకోవడాలూ ఎక్కువగా అక్కడే.

ఈ తొందర మనకి రైలు అలవాటు చేసింది. ఇచ్ఛాపురంలోనో సోంపేటలోనో రైలు ఆగేది ఒకటి రెండు నిమిషాలు. స్టేషన్ రాకముందే సామాన్లు తలుపు దగ్గర పెట్టుకుని నిలబడకపోతే పక్క ఊళ్లో తేలతాం. అక్కడ అది తెలివైన పనే. విమానం అలా కాదు. మిమ్మల్ని దించకుండా ఎక్కడికీ పోదు.

చక్రాలు నేలకి తాకాక

దిగగానే లేవకండి. రన్‌వే మీద వేగం తగ్గాక విమానం తన స్థానానికి చేరడానికి ఇంకా కొన్ని నిమిషాలు పడుతుంది. దారిలో మరో విమానమో వాహనమో అడ్డొస్తే పైలట్ ఉన్నట్టుండి బ్రేక్ వేస్తాడు. అప్పుడు నిలబడి ఉన్నవాడు ముందు సీటు మీద పడతాడు, తెరిచిన పై అర నుంచి సూట్‌కేసు వచ్చి ఇంకెవరి నెత్తి మీదో పడుతుంది. సీటు బెల్టు దీపం ఆరేదాకా కూర్చోండి. టర్కీలో 2025లో ఇలా ముందే లేచేవాళ్లకు జరిమానా పెట్టారు. ఈ రోగం మన ఒక్కరిదే కాదన్నమాట.

దీపం ఆరిన వెంటనే తలుపు కూడా తెరుచుకోదు. తలుపుకి అత్యవసర జారుడుబల్ల కట్టి ఉంటుంది. ఆ ఏర్పాటును సిబ్బంది ముందు ఆపాలి, ఒకరు చేసింది ఇంకొకరు సరిచూడాలి. అది మర్చిపోయి తలుపు తీస్తే జారుడుబల్ల బుస్సున ఉబ్బి బయటికి వస్తుంది. ఈలోగా బయట నిచ్చెనో, టెర్మినల్ నుంచి సాగి వచ్చే వంతెనలాంటి ఏరోబ్రిడ్జో వచ్చి తలుపుకి ఆనాలి. ఇదంతా అయ్యేదాకా మెడ వంచుకుని, నెత్తి మీద అర తగులుతుంటే, పక్కవాడి మొహం మీద బ్యాగ్ పెట్టి నిలబడితే వచ్చేదేమీ లేదు.

ఈ ఖాళీలో చేయదగ్గ పనులున్నాయి. చెప్పులు వేసుకోండి. ముందు సీటు జేబులో కళ్లజోడు, మందుల కవరు, ఆధార్ కార్డు మర్చిపోయారేమో చూడండి. పక్కన మొదటిసారి విమానమెక్కిన పెద్దావిడ ఉంటే బెల్టు తీయడంలో సాయం చేయండి. కారు బెల్టు అలవాటున్నవాళ్లు ఎర్ర బొత్తాం కోసం వెతుకుతారు. విమానం బెల్టుకి పైనున్న రేకుని వేలితో ఎత్తాలి. అది తెలియక ఆవిడ బెల్టు లాగుతూ, ఎవర్నీ అడగలేక, టెన్షన్ పడుతూ ఉంటుంది. "ఇలా ఎత్తండమ్మా" అని ఒక్కసారి చూపిస్తే చాలు.

ఫోన్ సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. "దిగాం" అని ఇంటికి చెప్పడానికి పది సెకన్లు చాలు. స్పీకర్ పెట్టి, డ్రైవర్ ఎక్కడున్నాడు, రాత్రికి ఏం వండారు అని అడుగుతుంటే ముప్పై వరుసల జనానికీ మీ ఇంటి వంకాయ కూర సంగతి తెలిసిపోతుంది.

ఎవరు ముందు?

తలుపుకి దగ్గర వరుస ముందు, ఆ వెనక వరుస తర్వాత. మీ ముందు వరుసలో లేచినవాళ్లంతా దారిలోకి వచ్చాకే మీరు కదలాలి. దారి పక్క సీటులో ఉన్నవాళ్లు ముందు లేచి సామాను దించుకుని, లోపలి ఇద్దరి సంచులు కూడా అందిస్తే పని త్వరగా అవుతుంది. కిటికీ పక్కనున్నవాళ్లు అప్పటిదాకా కూర్చోవడమే మేలు.

మన రూట్లలో ఎక్కువగా తిరిగేవి సుమారు 180 సీట్ల విమానాలు. వరుసకి ఆరుగురు, మధ్యలో ఒక మనిషి పట్టేంత దారి. పాతిక వరుసల వెనక నుంచి ఒకరు తోసుకుంటూ ముందుకొస్తే మధ్యలో ఉన్న ప్రతి వరుసా ఆగిపోతుంది.

అయితే తలుపు ఎప్పుడూ ముందే ఉంటుందనుకోకండి. ఏరోబ్రిడ్జి ఉంటే ముందు తలుపు ఒక్కటే తీస్తారు. నిచ్చెనలు పెడితే వెనక తలుపు కూడా తీస్తారు, అప్పుడు వెనక సగం అటే పోవాలి. రెక్కల దగ్గర పంకాలు తిరిగే చిన్న ఏటీఆర్ విమానాల్లో దిగేది వెనక తలుపు నుంచే, అంటే అక్కడ ఆఖరి సీటువాళ్లే మొదట దిగుతారు. డబ్బు కట్టి ముందు సీటు తీసుకున్నవాళ్లు ఇక్కడ మొహం చిన్నబుచ్చుకుంటారు, పాపం. ప్రకటన వినండి, అర్థం కాకపోతే సిబ్బందిని అడగండి.

2022లో ఇండిగో సంస్థ కొన్ని పెద్ద విమానాశ్రయాల్లో ముందు రెండు, వెనక ఒకటి, మొత్తం మూడు దారుల్లో దించడం మొదలుపెట్టింది. అంతకుముందు 13–14 నిమిషాలు పట్టే పని 7–8 నిమిషాల్లో అవుతుందని చెప్పింది. అంటే విమానమంతా ఖాళీ కావడానికి మామూలుగా పట్టేదే పావుగంట లోపు. ఐదారు వరుసలు తోసుకుని దాటినవాడికి మిగిలేది ఏ రెండు మూడు నిమిషాలో.

నిజంగా తొందర ఉన్నవాళ్లూ ఉంటారు. వేరే విమానం పట్టుకోవాల్సినవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లకి బాగాలేదని కబురొచ్చి బయల్దేరినవాళ్లు, భువనేశ్వర్‌లో దిగి బరంపురం రైలు అందుకోవాల్సినవాళ్లు. అలాంటప్పుడు విమానం నేల తాకాక తోసుకోవడం కాదు, తాకకముందే సిబ్బందికి చెప్పండి. ముందు ఖాళీ సీటుంటే అక్కడికి మారుస్తారు, లేదా మిగతావాళ్లని కాస్త ఆగమంటారు. ముందున్నవాళ్లని మీరే అడగాల్సి వస్తే కారణం చెప్పి అడగండి: "మావయ్యగారూ, ఎనిమిదింటికి రైలుంది, కాస్త దారిస్తారా?" ఒడియావాళ్లయితే "టికె రుహంతు ఆజ్ఞా" అంటే చాలు, ఆగుతారు. మన వైపు విమానాల్లో చాలామందికి రెండు భాషలూ వస్తాయి కాబట్టి, ముందువాళ్లకి తెలియదనుకుని తెలుగులో తిట్టుకోవడం కూడా ప్రమాదమే.

ఎవరైనా మిమ్మల్నే తోసుకుంటూ వస్తే? పోనివ్వండి. మాట మీద మాట పెరిగి చెయ్యి వేసుకునేదాకా పోతే నష్టం ఇద్దరికీ. పౌర విమానాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2017లో పెట్టిన నిబంధనల ప్రకారం విమానంలో నోటి దురుసుకి మూడు నెలల దాకా, తోపులాటకీ చెయ్యి చేసుకోవడానికీ ఆరు నెలల దాకా విమానం ఎక్కకుండా నిషేధించవచ్చు.

పై అరలో అప్పడాలు

బరంపురం నుంచి పోయేవాళ్ల చేతిలో ఏముంటుందో చెప్పక్కర్లేదు. ఆవకాయని చేతిసంచిలో పోనివ్వరు కాబట్టి అది పెద్దపెట్టెలో పోతుంది. అప్పడాలు మాత్రం నలుగుతాయని పట్టుకుని ఎక్కుతారు. ఎక్కేటప్పుడు వాటిని అర అంచున పదిలంగా పెడతారు. తర్వాత ఎవరో వచ్చి ఏడు కిలోల ట్రాలీని దాని పక్కనే దూరుస్తారు. దిగేటప్పుడు ఆ ట్రాలీని పిడి పట్టి ఒక్క గుంజు గుంజితే, అప్పడాల కట్ట అంచు విరిగి కింద కూర్చున్నవాళ్ల ఒళ్లో పొడి రాలుతుంది. కోడలి కోసం పెట్టినావిడ ఆ పొడిని చూసి ఏమీ అనదు, కవరు మూతి మళ్లీ ముడేసుకుంటుంది.

అందుకని అర తీసేటప్పుడు ఒక చెయ్యి తలుపు కింద పెట్టి నెమ్మదిగా తీయండి, లోపల జారిందేమైనా ఉంటే ఆగుతుంది. పక్క సామాను అడ్డముంటే "ఇది ఎవరిదండీ?" అని అడిగి కదపండి. బ్యాగ్ దించి నేల మీద పెట్టాక మళ్లీ వీపుకి తగిలించుకుని గిర్రున తిరగకండి, వెనక ఉన్న పిల్లల మొహానికి తగిలేది ఆ బ్యాగే. చేతిలో పట్టుకుని నడవండి.

మీ సంచి మీ సీటుకి నాలుగు వరుసల వెనక పెట్టాల్సి వస్తే, జనానికి ఎదురీదుతూ వెనక్కి పోకండి. ఖాళీ అయ్యాక తెచ్చుకోండి, లేదా వెనకవాళ్లని అందించమని అడగండి. ఇలా కూడా తీసుకోవచ్చని చాలామందికి తట్టదు.

పెద్దవాళ్లు, పిల్లలు, చక్రాల కుర్చీ

చక్రాల కుర్చీ అడిగినవాళ్లని మామూలుగా అందరూ దిగాకే దించుతారు. కుర్చీ కోసం కనీసం 48 గంటల ముందు చెప్పాలి. కాళ్లనొప్పులున్న అమ్మకో నాన్నకో తోడుగా వెళ్తుంటే ముందే చెప్పి ఉంచండి: "అందరూ దిగాక మనం దిగుదాం, ఏం తొందర లేదు." లేకపోతే వాళ్లు మీకు ఆలస్యమవుతోందని కంగారుపడి లేచేస్తారు. చంటిపిల్లల తల్లి లేస్తుంటే ఆగండి, సంచి అందుకోండి. పిల్లని మాత్రం అడక్కుండా ఎత్తుకోకండి.

నిచ్చెన, బస్సు

నిచ్చెన మెట్ల మీద ఒక చెయ్యి కమ్మీ మీద ఉండాలి, ఫోన్ జేబులో ఉండాలి. మెట్ల మధ్య ఆగి సెల్ఫీ దిగితే వెనక వరుస మొత్తం ఆగుతుంది. ఇన్నేళ్లుగా విశాఖలో ప్రయాణికుల విమానాలు దిగింది నావికాదళం వారి ఐఎన్ఎస్ డేగా రన్‌వే మీదే. అలాంటిచోట్ల బయట ఫోటోలు, వీడియోలు తీస్తే మర్యాద సంగతి అలా ఉంచి, భద్రతా సిబ్బంది వచ్చి పట్టుకుంటారు.

నిచ్చెన దిగాక టెర్మినల్‌కి తీసుకెళ్లే బస్సులో మొదట ఎక్కినవాళ్లు తలుపు దగ్గరే అతుక్కుపోకుండా లోపలికి జరగాలి. బస్సు నిండితేగానీ కదలదు. విమానంలో అందరినీ తోసుకుని దిగినాయన ఆఖరివాళ్లు ఎక్కేదాకా అక్కడే కమ్మీ పట్టుకుని నిలబడి ఉంటాడు.

కొరాపుట్ జిల్లా జయపురం ఎయిర్‌స్ట్రిప్‌కి 2022లో తొమ్మిది సీట్ల విమానాలు మొదలయ్యాయి. అంత చిన్నదాంట్లో వరుస గొడవేముంది, అంతా రెండు నిమిషాల పని. ఒక్కటే జాగ్రత్త: పంకా ముక్కు దగ్గర ఉంటుంది. ఆగినా సరే అటు పోకండి, సిబ్బంది చూపించిన వైపే నడవండి.

సామాను బెల్టు దగ్గర

ఆఖరి బ్యాగ్ 30 నిమిషాల్లోపు బెల్టు మీదికి రావాలని విమాన సంస్థలకు విమానాశ్రయాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ బీసీఏఎస్ 2024లో గట్టిగా చెప్పింది. అంటే ఎంత ముందు దిగినా ఇక్కడ ఆగాల్సిందే. బెల్టుకి ఆనుకుని ట్రాలీలతో గోడ కట్టకండి. రెండడుగులు వెనక నిలబడి, మీ పెట్టె కనబడినప్పుడు ముందుకెళ్లి తీసుకుని వెంటనే తప్పుకోండి. ఇంటిల్లిపాదీ బెల్టు దగ్గర నిలబడక్కర్లేదు, ఒకరు చాలు. పెద్దవాళ్ల బరువు పెట్టె దొర్లిపోతుంటే ఒక చెయ్యి వేయండి. నల్ల సూట్‌కేసులన్నీ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి తీసుకున్నాక ట్యాగ్ మీద నంబరు, మీ దగ్గరున్న చీటీ నంబరు ఒకటేనా అని చూసుకోండి. ఇంటికెళ్లి తెరిచాక ఎవరివో బట్టలు కనబడితే మళ్లీ భువనేశ్వర్ దాకా పరుగెత్తాలి.