పాయింట్ 22 రైఫిల్‌కి మజిల్ బ్రేక్ ఎంచుకునే ముందు

బెంగళూరులో ప్రాక్టీస్ చేసే మన షూటర్లు ముందు చూడాల్సింది రూల్ బుక్. మజిల్ బ్రేక్ అంటే బ్యారెల్ మూతికి బిగించే ముక్క, గ్యాస్‌ని మళ్లించి కిక్ తగ్గిస్తుంది. ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ క్రీడల సమాఖ్య) రైఫిల్ పోటీల్లో మజిల్ బ్రేకులు నిషేధం. ఐపీఎస్‌సీ (అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య) ఓపెన్ డివిజన్‌లో కాంపెన్సేటర్ (మూతి పైకి లేవకుండా గ్యాస్‌ని మళ్లించే ఇలాంటి ముక్కే) పెట్టుకోవచ్చు.

పాయింట్ 22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్) తూటాలో మందు చాలా తక్కువ. పొడవైన బ్యారెల్ చివరకి వచ్చేసరికి గ్యాస్ ఒత్తిడి బాగా పడిపోతుంది. అందుకే రైఫిల్ మీద బ్రేక్ తగ్గించే కిక్ స్వల్పం. పొట్టి బ్యారెల్ పిస్టల్ మీదే తేడా తెలుస్తుంది. రైఫిల్‌కైతే మూతి దగ్గర చేరే బరువే అసలు మార్పు. దానివల్ల బ్యారెల్ కంపనం మారి గ్రూప్ (టార్గెట్ మీద వరసగా కాల్చిన గుళ్లు పడే గుంపు) బాగుపడొచ్చు, చెడిపోనూవచ్చు.

బ్రేక్ బిగించే మర సాధారణంగా అర అంగుళం వ్యాసం, అంగుళానికి 28 చుట్లు. అయినా కొలిచి కొనండి. బులెట్ సుమారు 5.7 మి.మీ.; బ్రేక్ రంధ్రం అంతకంటే స్పష్టంగా పెద్దదై, బ్యారెల్‌తో ఒకే వరుసలో ఉండాలి. తుపాకీ ఖాళీ చేసి, అలైన్‌మెంట్ రాడ్ (బ్యారెల్ లోపల సరిపోయే తిన్నని కడ్డీ) దూర్చి చూడండి. రాడ్ ఒక పక్కకి ఒరిగితే ఆ బ్రేక్ వద్దు, బులెట్ అంచుకి తగులుతుంది. మర కోయడం లైసెన్సున్న గన్‌స్మిత్ పని.

బిగించాక 50 మీటర్లలో, ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) తూటాలతో, బ్రేక్ ఉంచి 5 గ్రూపులు, తీసేసి 5 గ్రూపులు కాల్చి పోల్చండి. ఒక్క గ్రూపు చూసి తీర్పు చెప్పొద్దు. సీసం, మైనం లోపల పేరుకుంటాయి, గీకి తీస్తుండండి. పక్క లేన్ వాళ్లకి చప్పుడు పెరుగుతుంది, వాళ్ల చెవులకీ రక్షణ ఉందో లేదో చూడండి.