సమస్య - పరిష్కారం: రెండు మూడు సెకన్లకే నల్లబడే ప్రింట్లు

లక్షణం: డార్క్‌రూమ్‌లో ఎన్‌లార్జర్‌తో (నెగటివ్‌లోని బొమ్మను కాగితం మీద పెద్దదిగా వేసే పరికరం) ఫోటో వేస్తుంటే, రెండు మూడు సెకన్ల ఎక్స్‌పోజర్‌కే, అంటే కాగితానికి అంత కొద్దిసేపు వెలుగు చూపినా, ప్రింటు నల్లబడుతుంది. లేదా టెస్ట్ స్ట్రిప్‌లో (వేర్వేరు సమయాలు పరీక్షించే కాగితపు పట్టీ) చక్కగా కుదిరిన సమయమే ఇచ్చినా అసలు ప్రింటు ముదురుగా వస్తుంది. పాపం, నింద మాత్రం టైమర్‌కే.

దాన్ని విప్పే ముందు లెన్స్ చూడండి. ఫోకస్ కోసం పూర్తిగా తెరిచిన ఎపర్చర్‌ను (వెలుగు వచ్చే లెన్స్ రంధ్రం) మళ్లీ తగ్గించారా? ఎన్నిసార్లు చెప్పినా వదిలేసేది ఇదే. ఎఫ్ 4 నుంచి ఎఫ్ 8కి తగ్గిస్తే వెలుగు పావు వంతై, మూడు సెకన్లు పన్నెండవుతాయి.

అక్కడ తప్పు లేకపోయినా స్ట్రిప్‌కూ ప్రింటుకూ పొంతన కుదరడం లేదా? అయితే బల్బును అనుమానించండి. ఫిలమెంట్ వేడెక్కి పూర్తి వెలుగు ఇవ్వడానికి కొంత సమయం పడుతుంది. ఆర్పాక కాసేపు మిణుకుమన్నా, మొదట్లో తగ్గిన వెలుగు పూర్తిగా భర్తీ కాదు. టైమర్ లెక్కపెట్టేది కరెంటు పారిన సమయాన్నే, కాగితం మీద పడిన వెలుగును కాదు. వెలిగించిన ప్రతిసారీ 0.2 సెకను నష్టపోతుందనుకోండి. సెకను చొప్పున ఐదుసార్లు వెలుగు చూసిన పట్టీకి నిజంగా అందేది 4 సెకన్లే. ప్రింటుకు ఏకధాటిగా 5 సెకన్లు ఇస్తే 4.8 అందుతుంది. అంటే ఐదో వంతు ఎక్కువ! ఖరీదైన డిజిటల్ టైమర్ కొన్నంత మాత్రాన ఈ తేడా పోదు. అదే 20 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో అయితే ఇది లెక్కలోకే రాదు.

కాబట్టి సమయాన్ని 10-20 సెకన్లకు పెంచండి. డాడ్జింగ్‌కూ (ప్రింటులో కొంత భాగానికి కాసేపు వెలుగు అడ్డుకోవడం) చేతికి వ్యవధి దొరుకుతుంది. మొదట ఎపర్చర్ తగ్గించండి, కానీ చిట్టచివరి స్టాప్ (అతిచిన్న రంధ్రం) దాకా వెళితే డిఫ్రాక్షన్ వల్ల, అంటే చిన్న రంధ్రం అంచుల దగ్గర వెలుగు చెదరడం వల్ల, వివరాలు మెత్తబడతాయి. చిన్న ప్రింట్లకు ఎన్‌లార్జర్ హెడ్ (బల్బు, లెన్స్ ఉండే పైభాగం) బాగా కిందికి దిగి వెలుగు పెరుగుతుంది కనుక అదొక్కటే చాలకపోవచ్చు. అప్పుడు ఫిల్టర్ డ్రాయర్‌లో న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్ (రంగు మార్చకుండా వెలుగు తగ్గించేది) పెట్టండి: 0.3 వెలుగును సగం చేస్తుంది, 0.6 పావు చేస్తుంది. కలర్ హెడ్ (రంగు ఫిల్టర్లు లోపలే అమర్చిన హెడ్) ఉంటే ఇప్పుడున్న ఫిల్టర్ల మీద పసుపు, మెజెంటా, సయాన్ మూడింటినీ సమానంగా పెంచితే సరి. తక్కువ వాట్ల బల్బు కూడా మంచిదే. డిమ్మర్ జోలికి మాత్రం పోకండి. వెలుగు ఎర్రబడి మల్టీగ్రేడ్ కాగితం (వెలుగు రంగును బట్టి కాంట్రాస్ట్ మారే రకం) కాంట్రాస్ట్, అంటే నలుపు తెలుపుల మధ్య తేడా, మారిపోతుంది.

తక్కువ సమయం తప్పనిసరైతే పరీక్షకు విడివిడి కాగితం ముక్కలు తీసుకుని ఒక్కో ముక్కకు ఒక్కో ఎక్స్‌పోజర్ ఇవ్వండి: ఒకదానికి 2, ఇంకోదానికి 3, మరోదానికి 4 సెకన్లు, మధ్యలో ఆర్పకుండా.

టైమర్ రిలే (దీపాన్ని వెలిగించి ఆర్పే లోపలి స్విచ్) అతుక్కుపోవడం అరుదు. అతుక్కుంటే దీపం ఆరనే ఆరదు, వెంటనే తెలిసిపోతుంది. వోల్టేజ్ హెచ్చుతగ్గులను అన్నిటికన్నా చివర చూసుకోవచ్చు.