సోమవారం పొద్దున షిఫ్ట్‌లో మనుషులు తక్కువ పడుతున్నారా? మెమో రాసే ముందు ఈ లెక్క వేయండి

సమస్య

మూడు షిఫ్టులు (ఎ పొద్దున ఆరు నుంచి రెండు, బి రెండు నుంచి రాత్రి పది, సి రాత్రి పది నుంచి పొద్దున ఆరు), వారానికోసారి మారే డ్యూటీ చార్ట్, ఆదివారం ప్లాంటు బంద్. మిగతా రోజులు బాగానే నడుస్తుంది. సోమవారం పొద్దున ఆరింటికి మాత్రం లైన్ మీద ముగ్గురో నలుగురో తక్కువ. బి షిఫ్ట్ వాళ్లకు ఫోన్లు చేసి పిలిపిస్తారు. వాళ్లు రాత్రి పది దాకా డబుల్ డ్యూటీ చేస్తారు. పదహారు గంటలు చేయించడానికి చట్టం ఒప్పుకోదు, ఒళ్లూ ఒప్పుకోదు. మంగళవారం మధ్యాహ్నం వాళ్లలో ఇద్దరు నాగా. ఇక వారమంతా అతుకులే.

ముందు చూడాల్సింది

ఏ ప్లాంటుకు వెళ్లినా మొదట వినపడే మాట ఒకటే: "ఆదివారం తాగి పడుకుని ఉంటారు సార్." ఆ వెంటనే మెమో. దయచేసి ఆగండి. గడిచిన ఎనిమిది సోమవారాల మస్టర్ (హాజరు పట్టీ) తీయండి. నాగా పెట్టిన ప్రతి పేరు పక్కన రెండు టైములు రాయండి: అతను చివరిసారి ఎప్పుడు పంచ్ కొట్టి బయటికి వెళ్లాడు, మళ్లీ ఎప్పుడు లోపలికి రావాలి. మధ్యలో ఎన్ని గంటలో వేయండి. అరగంట పని. ఎంతమందికి చెప్పినా ఈ అరగంట ఎవరూ పెట్టరు, మెమోలు మాత్రం రాస్తారు.

ఆ పేర్లన్నీ అన్ని వారాల్లోనూ కిందటి వారం సి షిఫ్ట్ చేసిన జట్టులోవే అయితే జబ్బు మనుషుల్లో లేదు, చార్ట్‌లో ఉంది.

అసలు కారణం

నేను దీనికి దెబ్బతిన్నాను. పటాన్‌చెరు వైపు ఒక ప్లాంటులో ప్యాకింగ్ సెక్షన్ చూసేటప్పుడు, వరసగా మూడోసారి సోమవారం రాని ఒక ఆపరేటర్‌కు మెమో ఇచ్చాను. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, నా టేబుల్ మీద అద్దం కింద ఉన్న చార్ట్ మీద వేలు పెట్టాడు. "సార్, ఆదివారం నాకు ఆఫ్ అని రాశారు. ఆదివారం పొద్దున ఆరింటికి నేను మన గేటు దగ్గరే ఉన్నా కదా."

నిజమే. శనివారం రాత్రి పదికి ఎక్కిన సి షిఫ్ట్ ఆదివారం పొద్దున ఆరింటికి దిగుతుంది. అతనిది సదాశివపేట. ఇల్లు చేరేసరికి ఎనిమిది, తిని పడుకుంటే సాయంత్రం నాలుగుకు లేస్తాడు. పగలంతా నిద్రపోయిన మనిషికి ఆ రాత్రి ఒంటిగంట దాకా కన్ను అంటుకోదు. సోమవారం ఎ షిఫ్ట్‌కు కంపెనీ బస్సు నాలుగున్నరకే. చార్ట్‌లో అది నిండు రోజు సెలవు. అతని చేతికి దక్కింది రెండు మూడు గంటల రాత్రి నిద్ర.

ఇది ఏ తనిఖీలోనూ దొరకదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షన్ ప్రకారం అర్ధరాత్రి దాటే షిఫ్ట్ చేసేవాళ్లకు వారపు సెలవంటే షిఫ్ట్ ముగిసినప్పటి నుంచి వరుసగా 24 గంటలుగా ఉండేది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 నాటి కార్మిక భద్రత, పని పరిస్థితుల కోడ్‌లోనూ అదే మాట. ఆదివారం ఆరు నుంచి సోమవారం ఆరు దాకా సరిగ్గా 24. కాగితం మీద తప్పు లేదు, అందుకే ఎవరూ పట్టుకోరు.

మాది ఎ తర్వాత బి, బి తర్వాత సి, మళ్లీ ఎ. షిఫ్టులు ముందుకే జరగాలని ట్రైనింగుల్లో చెబుతారు. మధ్యలో సెలవు లేకుండా రెండు మూడు రోజులకోసారి మారే చోట అది మంచి మాట. మధ్యలో ఒక్క ఆదివారమే ఉండి వారానికోసారి మారే చోట గంటలు లెక్కపెట్టి చూడాలి. ముందుకు జరిపితే మధ్యలో దక్కే విరామం ఎ నుంచి బికి 48 గంటలు, బి నుంచి సికి 48, సి నుంచి ఎకి 24. వెనక్కి జరిపితే సి నుంచి బికి 32, బి నుంచి ఎకి 32, ఎ నుంచి సికి 56. నైట్ తర్వాతి విరామం 24 నుంచి 32 అయింది, గడియారంలో తేడా ఎనిమిది గంటలే. కానీ నైట్ దిగినవాడు ఆదివారం రాత్రి ఇంట్లో తెల్లారేదాకా పడుకుని, సోమవారం రెండింటికి తిని డ్యూటీకి వస్తాడు.

పరిష్కారం

చార్ట్‌ను సి, బి, ఎ వరసకు తిప్పండి. ఒక్క మనిషిని అదనంగా తీసుకోనక్కర్లేదు.

తిప్పే వారం మాత్రం జాగ్రత్త. ఆ వారం ఎలో ఉన్న జట్టు అంతకుముందు వారమే నైట్ చేసి వచ్చింది. వరస తిప్పగానే వాళ్లే మళ్లీ సికి వెళ్తారు. అంటే మూడు వారాల్లో రెండు వారాలు నైటే. బోర్డు మీద చూసి తెలుసుకుంటే గొడవే. పది రోజుల ముందే ఆ జట్టును కూర్చోబెట్టి, ఇది ఒక్కసారే అని చెప్పండి, పెళ్లిళ్లూ ఊరి జాతరలూ ఉన్నవాళ్లను అడిగి వారం ఎంచుకోండి.

వరస మార్చడం మీ చేతిలో లేకపోతే, సి దిగిన జట్టును ఆ ఒక్క సోమవారం తొమ్మిదింటికి మొదలయ్యే జనరల్ షిఫ్ట్‌కు రమ్మనండి. ఆరు నుంచి తొమ్మిది దాకా లైన్ సన్నగా నడుస్తుంది. అది ముందే తెలిసిన కొరత కాబట్టి పనిని దాన్నిబట్టి సర్దుకోవచ్చు.

మిగతావి

నైట్ చేసినవాళ్లకే ఆబ్సెంట్ పడుతోందా? అంటే బయోమెట్రిక్ హాజరు మెషీన్‌లో రోజు అర్ధరాత్రికి మారుతున్నట్టు. లోపలి పంచ్ ఒక తేదీకి, బయటి పంచ్ ఇంకో తేదీకి పోతుంది. అర్ధరాత్రి తర్వాతి గంటలు ముందు రోజు లెక్కలోకే వస్తాయి, సెట్టింగ్ అలా మార్పించండి. జీతం కోత పడకముందే చేయించండి, పడ్డాక ఎంత సర్దినా ఆ మనిషి మిమ్మల్ని నమ్మడు.

నోటి మాటతో డ్యూటీలు మార్చుకుని ఇద్దరూ రాకపోతే, ఇద్దరి సంతకాలతో ఒక పుస్తకం పెట్టండి. పండగ, వరి కోతలు, బస్సు రూటు మారడం లాంటివి అప్పుడప్పుడూ ఉంటాయి, వాటి కోసం చార్ట్ కదపొద్దు.

చార్ట్ తిప్పాక మూడు సోమవారాలు ఆగండి. అప్పటికి మూడు జట్లూ ఒక చుట్టు తిరుగుతాయి. మస్టర్ మళ్లీ తీసి అదే రెండు టైములు రాయండి. అప్పటికీ అదే మనిషి రాకపోతే, క్యాబిన్‌కు పిలిపించి తలుపు వేసి, ఇంట్లో ఏం జరుగుతోందో అడగండి.