రెండు గేర్‌బాక్సులు విప్పినప్పుడు పార్టులు కలిసిపోకుండా

పాత కారు గేర్‌బాక్సుకి కొత్త పార్టులు దొరక్క ఇంకో పాత బాక్సు తెచ్చుకుంటాం, రెండూ ఒకేసారి విప్పేస్తాం, సాయంత్రానికి ఏ వాషర్ దేనిదో తెలీదు. నాకు రెండుసార్లు అయింది.

ఇప్పుడు పార్టులు తీసుకునే బాక్సునే ముందు విప్పుతున్నా, చెయ్యి తిరుగుతుంది, ఏదైనా విరిగినా మన బాక్సు భద్రం. షాఫ్ట్ మీంచి వచ్చిన ప్రతి గేరు, రింగు, వాషర్ వచ్చిన వరుసలోనే, ముఖం తిప్పకుండా ఒక గట్టి తీగకి గుచ్చుతా. రెండో బాక్సుకి వేరే రంగు తీగ. సింక్రో (గేరు పడేటప్పుడు వేగాలు కలిపే భాగం) హబ్, దాని మీద జారే స్లీవ్ విడదీసే ముందు రెండింటి మీదా ఒకే గీత పెయింట్‌తో గీయండి, పైన గుడ్డ కప్పి లాగండి, లేదంటే లోపలి స్ప్రింగులు, బాల్స్ ఎగిరి ఎక్కడ పడతాయో దేవుడికే తెలియాలి.

సింక్రో రింగు కంటికి బాగుందని వాడేయొద్దు. గేరు కోన్ (రింగు కూర్చునే ఏటవాలు భాగం) మీద చేత్తో గట్టిగా నొక్కి, రింగు పళ్లకీ గేరు పక్క పళ్లకీ మధ్య సందుని ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పల్చటి రేకులు) మూడు చోట్ల కొలవండి. మాన్యువల్లో ఉన్న కనీస కొలత కంటే తక్కువుంటే అది అరిగిపోయినట్టే.

ఒక్క జాగ్రత్త: విడిగా ఒక గేరు మాత్రమే మార్చకండి. అది లేషాఫ్ట్ (పక్కనే సమాంతరంగా తిరిగే షాఫ్ట్) మీది గేరుతో కలిసి అరిగి ఉంటుంది కాబట్టి ఆ జత విడదీస్తే ఊళ పెడుతుంది, పైగా బయటికి ఒకేలా ఉన్న బాక్సుల్లోనూ పళ్ల సంఖ్య తేడా ఉండొచ్చు, ముందు లెక్కపెట్టండి.