నేల లేని సాగులో వేరుకుళ్ళు రాకుండా చూసుకోవడం ఎలా?

ఇంట్లో హైడ్రోపోనిక్స్ పద్ధతిలో, అంటే మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీటి తొట్టిలో, లెట్యూస్, పాలకూర, పుదీనా, టమాటా వంటివి పెంచేవారిని ఎక్కువగా దెబ్బతీసేది వేరుకుళ్ళు తెగులే. అది తొట్టి మూత కింద, చీకట్లో, నీటిలో మొదలవుతుంది కనుక ఆకులు వాడి మన కంటపడే సరికి వేర్లలో చాలా భాగం పని చేయడం మానేసి ఉంటుంది. తెగులు సోకిన వేరు మళ్ళీ కోలుకోదు. మొక్క బతికితే కొత్త వేర్లు వేసుకునే బతుకుతుంది. అందువల్ల శ్రద్ధ అంతా తెగులు రాకముందే పెట్టాలి, అందులోనూ ముందుగా నీటి వేడి మీద, నీటిలోని గాలి మీద పెట్టాలి. మందులు, సూక్ష్మజీవుల సీసాలు వీటి తరువాతే వస్తాయి.

వేర్లు కూడా శ్వాసిస్తాయి, ఆ శ్వాసకు కావలసిన ఆక్సిజన్‌ను నీటిలో కరిగి ఉన్నదాని నుంచే తీసుకుంటాయి. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు. 30 డిగ్రీలకు చేరితే అది దాదాపు ఏడున్నర మిల్లీగ్రాములకు పడిపోతుంది. ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు, కానీ నీరు వేడెక్కే కొద్దీ వేర్ల శ్వాసవేగం, నీటిలోని బాక్టీరియా శ్వాసవేగం కూడా పెరుగుతాయి కనుక, సరఫరా తగ్గే సమయానికే గిరాకీ పెరిగి వేర్లకు ఊపిరాడని పరిస్థితి ఏర్పడుతుంది. ఊపిరాడని వేరు కొనల నుంచి చక్కెరలు, అమైనో ఆమ్లాలు నీటిలోకి కారుతాయి. పిథియం అనే రోగకారకానికి ఆ పదార్థాలే దారి చూపుతాయి.

పిథియం చూడటానికి బూజులా ఉన్నా నిజమైన శిలీంధ్రం కాదు. అది ఊమైసీట్లు అనే వేరే వర్గానికి చెందినది. నారుమళ్ళలో మొలకలను పడగొట్టే నారుకుళ్ళు తెగులుకు కూడా తరచుగా కారణం ఇదే. దాని కణకవచంలో శిలీంధ్రాలలో ఉన్నట్టు కైటిన్ అనే గట్టి పదార్థం ప్రధానంగా ఉండదు, జీవక్రియలు కూడా వేరు కాబట్టి, మామూలు శిలీంధ్రనాశకాలలో చాలావాటికి ఇది లొంగదు. ఇంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది: దీని సిద్ధబీజాలు తోకల వంటి కశాభాల సాయంతో నీటిలో ఈదగలవు. మట్టిలో ఒక మొక్కకు పట్టిన తెగులు పక్క మొక్కకు చేరడానికి సమయం పడుతుంది గానీ, ఒకే తొట్టి నీటిని పంచుకునే మొక్కలకు అది కొద్ది రోజులలోనే అంటుకోగలదు.

ఇక చేయవలసిన పనులలో మొదటిది, గది ఉష్ణోగ్రతతో సరిపెట్టుకోకుండా, నీటి ఉష్ణోగ్రతను కొలవడం. నీటిలో ముంచే చిన్న థర్మామీటరు ఒకటి తొట్టిలో ఉంచి, పగటి వేడి బాగా ఎక్కిన తరువాత చూడాలి. ఉదయం చూసిన అంకె మనల్ని మభ్యపెడుతుంది. 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంటే ఎక్కువ మొక్కలకు సౌకర్యంగా ఉంటుంది. 25 దాటితే జాగ్రత్తపడాలి, ఎందుకంటే వేడినీటిని ఇష్టపడే పిథియం జాతులు ఆ పైన చాలా చురుకుగా పెరుగుతాయి. అలాగని నీటిని మరీ చల్లబరచినా లాభం లేదు: 15 డిగ్రీల కన్నా తగ్గితే పోషకాల శోషణ మందగించి ఎదుగుదల కుంటుపడుతుంది.

నీటిని చల్లగా ఉంచడానికి ఖరీదైన చిల్లర్ యంత్రమే కావాలని లేదు. తొట్టి పెద్దదైతే నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది, కాబట్టి చోటు ఉంటే మొక్కల సంఖ్యకు అవసరమైన దానికన్నా పెద్ద తొట్టినే ఎంచుకోవడం మంచిది. దాన్ని దీపాల వేడి, నేరుగా పడే ఎండ తగలని చోట పెట్టి, చుట్టూ థర్మోకోల్ లేదా వెండి రంగు ఇన్సులేషన్ షీటు కప్పాలి. వేడి రోజులలో గడ్డకట్టిన నీళ్ళ సీసాలను బయట శుభ్రంగా కడిగి, మూత బిగించి తొట్టిలో వేయవచ్చు. అయితే ఇది అత్యవసర ఉపాయమే, రోజూ ఆధారపడదగిన పద్ధతి కాదు. చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటుంది: నీటిలో మునిగి పనిచేసే పంపు తానే వేడిని విడుదల చేస్తుంది. చిన్న తొట్టిలో పెద్ద పంపు పెట్టినవారు నీరు ఎందుకు వేడెక్కుతోందో తెలియక దీపాలను అనుమానిస్తుంటారు.

గాలి విషయానికి వస్తే, వేర్లు పూర్తిగా నీటిలో మునిగి ఉండే పద్ధతిలో ఎయిర్ పంపు రాత్రింబగళ్ళు నడవాలి. దీపాలు ఆర్పినప్పుడు పంపునూ ఆపేయడం పొరపాటు, ఎందుకంటే వేర్లకు రాత్రి కూడా శ్వాస అవసరమే. పంపు నుంచి వచ్చే గాలిని సన్నని బుడగలుగా మార్చే రంధ్రాల రాయి, అంటే ఎయిర్ స్టోన్‌ను, తొట్టి అడుగున ఉంచాలి. బుడగలు పైకి లేచేటప్పుడు నీటిని కదిలించి, పైపొరను నిరంతరం చెదరగొట్టి, బయటి గాలి కరగడానికి తోడ్పడతాయి. రాళ్ళలోని రంధ్రాలు లవణాలతో, పాకుడుతో మూసుకుపోతాయి గనుక బుడగలు పెద్దవిగా, తక్కువగా కనిపించిన వెంటనే శుభ్రపరచాలి లేదా మార్చాలి. ఎయిర్ పంపును నీటిమట్టం కన్నా ఎత్తులో పెట్టడం, గొట్టంలో నాన్-రిటర్న్ వాల్వు అమర్చడం మరువకూడదు, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీరు వెనక్కి పంపులోకి వస్తుంది. కరెంటు తరచుగా పోయేచోట బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి సిద్ధంగా ఉండటం ఏ మందు సీసా కన్నా విలువైనది.

పంపు లేకుండా పెంచే క్రాట్కీ పద్ధతిలో లెక్క వేరు. అక్కడ నీటిమట్టం తగ్గే కొద్దీ పైభాగంలో ఖాళీ ఏర్పడి, ఆ తేమగాలిలో ఉన్న వేర్లు ఆక్సిజన్ తీసుకోవడానికి అలవాటుపడతాయి. నీరు తగ్గిందని కంగారుపడి మళ్ళీ అంచుదాకా నింపితే ఆ వేర్లు మునిగి ఊపిరాడక చనిపోతాయి. నీరు చేర్చక తప్పకపోతే పై వేర్లలో అధికభాగం గాలిలోనే మిగిలేలా కొద్దికొద్దిగా చేర్చాలి.

తొట్టిలోకి వెలుగు చొరబడకూడదు. వెలుగు, పోషకాలు కలిసినచోట నాచు పెరుగుతుంది. అది రాత్రివేళ ఆక్సిజన్ వాడుకుంటుంది, చచ్చి కుళ్ళేటప్పుడు మరింత వాడుకుంటుంది. చీకట్లో తొట్టి లోపల టార్చి వెలిగించి, గోడల గుండా వెలుగు ఎక్కడెక్కడ బయటికి కనిపిస్తుందో అక్కడ టేపు వేయాలి, ఖాళీగా ఉన్న రంధ్రాలకు మూతలు పెట్టాలి.

తెగులు బయటి నుంచి వచ్చే దారులు ప్రధానంగా నాలుగు: మట్టి, నీరు, నారు, పురుగులు. కుండీలలో పనిచేసిన చేతులతో, పనిముట్లతో తొట్టిని తాకకూడదు. చెరువు, కాలువ నీటిలో పిథియం ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి శుద్ధి చేసిన నీరే వాడాలి. మట్టిలో పెంచిన నారును వేర్లు కడిగి నీటిలో పెట్టడం కన్నా, విత్తనం నుంచే శుభ్రమైన స్పాంజిలోనో, రాతి నారతో చేసిన రాక్‌వూల్‌లోనో మొలిపించడం సురక్షితం. తడి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మీద ఎగిరే చిన్న నల్ల ఈగల పిల్లపురుగులు వేర్లను కొరికి గాయపరచడమే కాక పిథియంను ఒకచోటి నుంచి మరోచోటికి మోస్తాయి, అందువల్ల పసుపు రంగు జిగురు అట్టలు పెట్టి వాటిని గమనిస్తూ ఉండాలి. రాలిన ఆకులు నీటిలో పడితే అదేరోజు తీసేయాలి. బెల్లం, మొలాసిస్ వంటివి కలిపితే మొక్కకు బలం వస్తుందని కొందరు చెబుతారు గానీ, నీటి తొట్టిలో అవి బాక్టీరియాకే బలం.

పోషక ద్రావణాన్ని ఒకటి రెండు వారాలకొకసారి పూర్తిగా మార్చాలి, నీటి ఆమ్ల-క్షార స్థాయిని తెలిపే పీహెచ్‌ను 5.5 నుంచి 6.5 మధ్య నిలపాలి. లేత మొక్కను పెట్టేటప్పుడు దాన్ని పట్టి ఉంచే రంధ్రాల చిన్న కుండీ (నెట్ పాట్) అడుగు నీటిని అంటుతూ ఉంటే సరిపోతుంది. కాండం మొదలు ఎప్పుడూ తడిలో నానకూడదు.

సూక్ష్మజీవుల విషయంలో రెండు మార్గాలున్నాయి. బాసిల్లస్, ట్రైకోడెర్మా వంటి మేలు చేసేవాటిని నీటిలో పెంచి రోగకారకానికి చోటు లేకుండా చేయడం ఒకటి. హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి వాటితో నీటిని నిర్జీవంగా ఉంచడం మరొకటి. రెండింటినీ ఒకేసారి వాడితే రెండోది మొదటిదాన్ని చంపుతుంది, డబ్బు మాత్రం రెండింటికీ ఖర్చవుతుంది. ఇంటి సాగుకు మొదటి మార్గమే నయమని నా అభిప్రాయం, ఎందుకంటే పెరాక్సైడ్ త్వరగా నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది కనుక దాన్ని మళ్ళీ మళ్ళీ వేయవలసి ఉంటుంది.

వారానికి కనీసం రెండుసార్లు మూత ఎత్తి వేర్లను చూడాలి. ఆరోగ్యమైన వేరు తెల్లగా లేదా లేత మీగడ రంగులో, గట్టిగా ఉంటుంది. ఇనుము ఉన్న పోషకాల వల్ల వేర్లకు గోధుమ రంగు అంటవచ్చు, కాబట్టి రంగు చూసి భయపడనక్కరలేదు. వేలితో మెల్లగా లాగి చూడాలి. పైపొర జారి ఊడిపోయి లోపలి సన్నని దారం మాత్రమే మిగిలితే, జిగురుగా తగిలి దుర్వాసన వేస్తే అది కుళ్ళే. తొట్టి నిండా నీరున్నా మధ్యాహ్నం ఆకులు వాడిపోవడం మరో గుర్తు.

అలా కనిపించిన మొక్కను వెంటనే వేరుచేసి, కుళ్ళిన వేర్లను శుభ్రమైన కత్తెరతో తీసి, చల్లని నీటితో కడగాలి. పాత ద్రావణాన్ని పారబోసి, తొట్టిని కడిగి, వేర్లు తగ్గాయి కనుక పోషకాలను మామూలు కన్నా పలుచగా కలిపి, గాలిని పెంచాలి. సగానికి పైగా వేర్లు పోయిన లెట్యూస్‌ను కాపాడే ప్రయత్నం కన్నా తీసేయడమే మిగతావాటికి క్షేమం. టమాటా వంటి దీర్ఘకాలపు మొక్కకైతే ఆ శ్రమ పెట్టవచ్చు.

పంటకూ పంటకూ మధ్య తొట్టి, గొట్టాలు, పంపు అన్నీ విప్పి ముందుగా పాకుడు పోయేలా రుద్ది కడగాలి, ఎందుకంటే మురికి ఉన్నచోట బ్లీచ్ శక్తి వృథా అవుతుంది. ఆపై ఇంట్లో వాడే ద్రవ బ్లీచ్ ఒక పాలుకు తొమ్మిది పాళ్ళ నీరు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి, వాసన పోయేవరకు మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ, పీహెచ్ తగ్గించే ఆమ్లం గానీ ఎట్టి పరిస్థితిలోనూ కలపరాదు. విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. పిథియం మందపాటి గోడలున్న బీజాల రూపంలో ఎండిన వేరుముక్కలలో కూడా చాలాకాలం నిలువగలదు కనుక, వాడిన స్పాంజిలను, రాక్‌వూల్‌ను తిరిగి ఉపయోగించకుండా పారవేయాలి, మొక్కకు ఆధారంగా వాడే కాల్చిన మట్టిగుండ్లను మాత్రం వేరుముక్కలు ఏరి, మరిగించి మళ్ళీ వాడుకోవచ్చు.