నిర్వహణ సర్వర్లను కొత్త డేటా సెంటర్‌కు తరలించడం ఎలా?

పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్, ఆ చిరునామాలను పంచే డీహెచ్‌సీపీ, లాగిన్‌లను సరిచూసే డైరెక్టరీ, సమయాన్ని అందించే ఎన్‌టీపీ, బ్యాకప్, మానిటరింగ్, వర్చువల్ మెషీన్లను (ఒకే యంత్రంలో సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన సర్వర్లను) నడిపే కన్సోల్ వంటివి సంస్థ నిర్వహణ సర్వర్లు. మామూలు సర్వర్ ఆగితే ఒక సేవ ఆగుతుంది. ఇవి ఆగితే ఆగినవాటిని బాగుచేసే దారే మూసుకుపోతుంది. అందువల్ల ఈ పనిలో యంత్రాల రవాణా కంటే ఏది ముందు, ఏది తరువాత అన్నదే ముఖ్యం.

మొదట ఏ సర్వర్ దేనిపై ఆధారపడి ఉందో రాసుకోవాలి. పాత పత్రాలను మాత్రమే నమ్మకుండా, ఫైర్‌వాల్ లాగ్‌లనూ డీఎన్‌ఎస్ లాగ్‌లనూ కనీసం ఒక నెలాఖరు దాటేవరకు గమనిస్తే, నెలకొకసారి మాత్రమే నడిచే పనులు కూడా బయటపడతాయి. ప్రింటర్లలో, స్విచ్‌లలో, పాత అప్లికేషన్లలో నేరుగా రాసిపెట్టిన ఐపీ చిరునామాలను, నెట్‌వర్క్ కార్డు గుర్తింపుకు ముడిపడిన లైసెన్సులను ఈ దశలోనే వెతకాలి. వలయాలు మరీ ప్రమాదకరం: వర్చువల్ కన్సోల్ తెరవడానికి డైరెక్టరీ లాగిన్ కావాలి, ఆ డైరెక్టరీయేమో అదే కన్సోల్ కింద ఆగి ఉన్న వర్చువల్ మెషీన్ అయితే, రెండింటిలో ఏదీ లేవదు.

రెండో దశలో అత్యవసర దారిని సిద్ధం చేయాలి. రెండు చోట్లా ప్రధాన నెట్‌వర్క్‌తో సంబంధం లేని వేరే ఇంటర్నెట్ లైను, సర్వర్లను దూరం నుంచే ఆన్, ఆఫ్ చేయగల పోర్టు, డైరెక్టరీ అవసరం లేని స్థానిక ఖాతాలు ఉండాలి. పాస్‌వర్డ్‌లను దాచే సర్వర్ కూడా తరలేవాటిలో ఒకటైతే, అవసరమైన పాస్‌వర్డ్‌లను కాగితంపై రాసి, సీలు వేసిన కవరులో బాధ్యులైన ఇద్దరికి అప్పగించడం మేలు.

కొత్త కేంద్రంలో ప్రతి సర్వర్‌కూ రెండు వేర్వేరు విద్యుత్ లైన్లు అందాలి. సర్వర్‌లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. రెండు కేంద్రాల మధ్య ఫైబర్ మార్గంలో ప్రతి 100 కిలోమీటర్లకు రానుపోను సుమారు ఒక మిల్లీసెకను ఆలస్యం కలుగుతుంది కనుక, డేటాబేస్‌తో పదేపదే మాట్లాడే సర్వర్‌ను దాని నుంచి విడదీయకూడదు.

ఆపైన బ్యాకప్ తీయడంతో ఆగకుండా, దాన్ని కొత్త చోట నిజంగా రీస్టోర్ చేసి చూడాలి. డేటా కదిలే సమయాన్ని ముందే లెక్కవేసుకోవాలి: సెకనుకు ఒక గిగాబిట్ లైనుపై 10 టెరాబైట్లు వెళ్లడానికి, ఏ ఆటంకమూ లేకపోయినా, 22 గంటలు పైనే పడుతుంది.

డీఎన్‌ఎస్ రికార్డుల టీటీఎల్ (ఇతర కంప్యూటర్లు ఆ చిరునామాను గుర్తుంచుకునే గడువు) 86400 సెకన్లు, అంటే ఒక రోజు, ఉన్నట్లయితే, మార్పుకు ఒక రోజు కంటే ముందే దాన్ని 300కు తగ్గించాలి. లేకపోతే కొందరి కంప్యూటర్లు పాత చిరునామానే పట్టుకుని ఉంటాయి.

ఇక అసలు తరలింపు. సాధ్యమైన ప్రతిచోటా పాత యంత్రాన్ని విప్పి తీసుకెళ్లకుండా, కొత్త చోట మరొక సర్వర్‌ను నిలిపి, డేటా రెండింటిలోనూ సమానమయ్యాక పాతదాన్ని తప్పించడమే నా దృష్టిలో సరైన పద్ధతి. ముందుగా సమయం, డీఎన్‌ఎస్, ఆ తరువాత డైరెక్టరీ వెళ్లాలి. ఎందుకంటే డైరెక్టరీ లాగిన్‌లను సరిచూసే కెర్బెరోస్ పద్ధతి సాధారణంగా ఐదు నిమిషాలకు మించిన గడియారాల తేడాను అంగీకరించదు. డీహెచ్‌సీపీని మార్చేటప్పుడు, ఒకదానితో ఒకటి సమన్వయం లేని రెండు సర్వర్లు ఒకే చిరునామాల శ్రేణిని పంచకుండా చూసి, రౌటర్లలోని రిలే చిరునామాలను (కంప్యూటర్ల అభ్యర్థనలను ఏ డీహెచ్‌సీపీ సర్వర్‌కు పంపాలో చెప్పేవాటిని) కూడా మార్చాలి. కొత్త మానిటరింగ్‌ను మాత్రం అన్నింటికంటే ముందే నిలిపి, పాతదాన్ని చివరివరకు ఉంచాలి, ఎందుకంటే ఈ సమయంలోనే దాని అవసరం ఎక్కువ.

ఏ గంటలోగా పని పూర్తికాకపోతే వెనక్కి మళ్లాలో, ఆ నిర్ణయం ఎవరు తీసుకోవాలో ముందే రాతపూర్వకంగా ఉండాలి. ఆ గంట నిర్ణయించేటప్పుడు వెనక్కి మళ్లడానికి పట్టే సమయాన్ని కూడా కలపాలి.

పాత సర్వర్లను వెంటనే తీసివేయకుండా, నెట్‌వర్క్ కేబుల్ మాత్రమే విప్పి, మరో నెలాఖరు గడిచేవరకు ఉంచాలి. ఎవరి పనీ ఆగలేదని తేలాక పాత డీఎన్‌ఎస్ రికార్డులను, ఫైర్‌వాల్ నియమాలను తొలగించి, డిస్కులను చెరపాలి. ఎస్‌ఎస్‌డీలపై మామూలుగా తిరగరాయడం సరిపోదు కాబట్టి, తయారీదారు ఇచ్చిన సురక్షిత చెరిపివేత ఆదేశాన్ని వాడాలి, లేదా డిస్కును ముక్కలు చేయించాలి.