స్కాలర్‌షిప్ ఫారం నింపే ముందు ఒక్క చూపు

తెలంగాణ ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో అప్లై చేశాక పేరు కలవలేదని తిప్పి పంపితే మీసేవ, కాలేజీ, బ్యాంకు అంటూ తిరగడంతోనే సరిపోతుంది. దేవరకొండ నుంచి నల్లగొండకు మా తమ్ముడికి మూడు ట్రిప్పులు పడ్డాయి, బస్సు చార్జీలు వేరే.

ఈసారి చెల్లెలికి ముందే టెన్త్ మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూశాం. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క 'కె' మాత్రమే! మెమో పట్టుకెళ్లి ఆధార్ సెంటర్‌లో మార్పించి, ఆ తర్వాతే అప్లై చేశాం.

మైఆధార్ వెబ్‌సైట్‌లో ఓటీపీతో లాగిన్ అయి బ్యాంక్ సీడింగ్ స్టేటస్, అంటే ఆధార్‌కు బ్యాంకు ఖాతా లింకైందో లేదో కూడా చూడండి. 'యాక్టివ్' అని, మీ బ్యాంకు పేరు కనబడాలి. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్ పాతదైతే ఓటీపీ రాదు, ముందు అది మార్చుకోవాలి.

మేనేజ్‌మెంట్ కోటా సీటుకైతే ఇంత చేసినా ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు.